తోమి పెట్టిన కంచాలు

ఆసుపత్రి వంటగదిలో గిన్నెలు కడిగే మిషన్ బాగుపడకుండా ఉంటే చాలని పెద్దక్క దేవుళ్ళందరికీ మొక్కుకుంది. ఒకరి చెడు కోరుకునే మనిషి కాదామె. కానీ మిషన్ మనిషి కాదు కదా, దానికి ఆకలేస్తుందా, దానికో సంసారం ఉందా?

ఆ మిషన్ రాకముందు అక్కడ అంట్లు తోమేవాళ్ళు ఇద్దరు, తోటికోడళ్ళు. వంటవాళ్ళ నుంచి మేనేజరు దాకా అందరూ వాళ్ళని పెద్దక్క, చిన్నక్క అనే పిలిచేవారు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. మిషన్ వచ్చిన రోజున మేనేజరు ఇద్దరినీ పిలిచి, ఇక ఒక్కరు చాలన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఉన్నది పెద్దక్క కాబట్టి ఆమెని ఉంచారు. చిన్నక్క ఇంటికెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఆ ఇంటి సంగతి చెప్పుకోకుండా ఉంటేనే నయం. పెద్దక్క భర్త నడుము పడిపోయి మంచంలో ఉన్నాడు. చిన్నక్క భర్తకి పని దొరికిన రోజు దొరికినట్టు, లేని రోజు లేనట్టు. చిన్నక్క పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది, ఓ పూట పోట్లాడుకుని తేల్చుకునేవాళ్ళు. ఆమె మాత్రం నోట్లో నాలుక లేనట్టు ఇంటి పనంతా నెత్తిన వేసుకుని, అందరూ తిన్నాక మిగిలింది తిని, మిగలకపోతే మంచినీళ్ళు తాగి పడుకునేది. అది చూస్తుంటే పెద్దక్కకి ముద్ద దిగేది కాదు.

ఇప్పుడా మిషన్ మొరాయించింది. మొదట నీళ్ళు బయటికి పోకుండా అడుగున నిలిచిపోయేవి. తర్వాత తలుపు సందులోంచి కారడం మొదలుపెట్టింది. ఆఖరికి ఎర్రదీపం వెలిగించుకుని మొండికేసింది. చేసేది లేక మేనేజరు చిన్నక్కకి కబురు పెట్టాడు. ఇద్దరూ మళ్ళీ పక్కపక్కన తొట్టి దగ్గర నిలబడ్డారు. "ఇది పూర్తిగా పోతే మళ్ళీ కొత్తది కొనమని పైవాళ్ళని అడగడం నావల్ల కాదు. పాత పద్ధతే నడుస్తుంది," అని మేనేజరు అందరి ముందూ అన్నాడు. ఆ మాట పెద్దక్క చెవిలో అమృతం పోసినట్టుంది.

మెకానిక్ పొద్దున్నే వచ్చి మిషన్ ముందు చతికిలబడ్డాడు. అడుగున ఉండే జాలీ తీసి చూశాడు. అందులో ఒక్క మెతుకు లేదు. "ఇంత శుభ్రమైన జాలీ నేనెక్కడా చూడలేదండీ. మామూలుగా ఇందులోనే చెత్తంతా ఇరుక్కుని నీళ్ళు పోకుండా అడ్డం పడుతుంది," అన్నాడు. పెద్దక్క పక్కనే తోముతూ ఆ మాట విని కాస్త నిటారుగా నిలబడింది. అతను నీళ్ళు పోయే గొట్టం ఎక్కడైనా మడతపడిందేమో చూశాడు, పడలేదు. నీళ్ళు చిమ్మే రెక్కల కన్నాలు వెలుతురుకి పెట్టి చూశాడు, ఏదీ మూసుకుపోలేదు. అతను ఒక్కొక్కటీ బాగానే ఉందంటుంటే పెద్దక్కకి ఆశ పెరిగింది. రోగమేమిటో వైద్యుడికే అంతుపట్టకపోతే ఇక రోగి దక్కినట్టే!

"ఏమంటావు? బాగవుతుందా, వదిలించుకోమంటావా?" అని మేనేజరు అడిగాడు.

"చూడనివ్వండి సార్. మోటారు కాలిపోయినా, లోపలి తొట్టి తుప్పుపట్టి చిల్లులు పడినా డబ్బు దండగ, మార్చేసుకోవడమే మంచిది. అవి రెండూ బాగుంటే మాత్రం పారేయక్కర్లేదు."

కింది రేకు విప్పి చూస్తే అడుగు పళ్ళెంలో నీళ్ళు, వాటి పక్కన కరెంటు బోర్డు మీద తెల్లటి పొర కనిపించాయి. అతను దాన్ని వేలితో తాకి, వాసన చూశాడు. బోర్డు తుడిచి ఆరబెట్టి, మిషన్‌ని ఎలాగో ఒక్కసారికి లేపాడు. ఎర్రదీపం వెలిగిన రోజు పెద్దక్క సర్ది పెట్టిన కంచాల బుట్ట లోపల అలాగే ఉంది. మిషన్ తిరగడం మొదలైన కాసేపటికే తలుపు సందులోంచి నురగ పొంగుకొచ్చి నేలంతా పరుచుకుంది.

"ఇదీ సంగతి. మిషన్లో వేసే పొడికి ఇంత నురగ రాదు. ఇది చేత్తో తోముకునే సబ్బు. నురగని పంపు బయటికి తోయలేదు. అది పైకి పొంగి, కిందకి కారి, బోర్డుని తినేసింది. ఇందులో సబ్బెవరు వేస్తున్నారు?"

"వేయడమేంటి బాబూ?" అంది పెద్దక్క. "కంచాలు సబ్బుతో తోమి పెడతాను. రోగులు తినే కంచాలు, ఎంగిలితో ఎలా పెడతారు?"

ఎంత గర్వంగా చెప్పిందో! మిషన్ పెట్టిన రోజు కంపెనీ మనిషి, మెతుకులు దులిపి పెడితే చాలని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. ఆమె విన్నది. అది సోమరిపోతులకి చెప్పే మాట, నాక్కాదు అనుకుంది. రోజూ ప్రతి కంచాన్నీ సబ్బుతో రుద్ది, పైపైన తొలిచి, తళతళలాడుతుంటే అప్పుడు పెట్టింది. మేనేజరు ఆమె వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు చూశాక గానీ తను అన్నదేమిటో ఆమెకి తట్టలేదు.

మోటారు బాగుంది, తొట్టి బాగుంది. బోర్డూ, తలుపు చుట్టూ ఉండే రబ్బరూ మారిస్తే ఇంకా ఏళ్ళ తరబడి పనిచేస్తుందని మెకానిక్ తేల్చేశాడు. మేనేజరు సరేనన్నాడు. మిషన్ బతికింది. ఇక ఆ తోటికోడళ్ళలో ఒకరే ఉండాలి.

బోర్డు తెప్పించి బిగించిన రోజున మేనేజరు పెద్దక్కని పిలిచాడు. చెడ్డవాడేం కాదు, ఆమెకో అవకాశం ఇద్దామనే పిలిచాడు. "ఇదిగో, మధ్యాహ్నం కంచాలు వచ్చాయి. మెకానిక్ ఉండగానే ఓ బుట్ట నింపు పెద్దక్కా. సబ్బు మాత్రం వద్దు."

"అలాగే బాబూ," అంది.

మొదటి కంచం తీసింది. అంచున జావ ఎండి ఉంది. దాన్ని దులిపింది కూడా. అంతలో ఎడమచెయ్యి కుళాయి తిప్పింది, కుడిచేతిలోకి సబ్బు పీచు వచ్చింది, కంచం మీద నురగ లేచింది. ఇదంతా ఎప్పుడు జరిగిందో ఆమెకే తెలియదు.

"పెద్దక్కా," అన్నాడు మేనేజరు మెల్లగా.

పీచు వదిలేసి రెండో కంచం తీసింది. ఈసారి చేతుల్ని కనిపెట్టుకునే ఉంది. బుట్ట దాకా తీసుకెళ్ళింది. ఎవరో జబ్బుమనిషి నాకి వదిలేసిన కంచం, దాన్ని అలాగే పెట్టేయాలి. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పెట్టు, పెట్టు, కొంప మునుగుతుంది, పెట్టు అని తనని తనే తిట్టుకుంది. చెయ్యి దిగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇందులో నవ్వడానికేముందని వంటవాళ్ళు నవ్వారో మరి, వాళ్ళకే తెలియాలి.

వెనకనుంచి చిన్నక్క వచ్చి ఆ కంచం అందుకుంది. మెతుకులు చెత్తడబ్బాలోకి దులిపి, కంచాన్ని బుట్టలో నిలబెట్టింది. తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత ఇంకొకటి. తలెత్తలేదు. మెకానిక్ తలుపు మూసి మీట నొక్కాడు.

"నిన్ను పొమ్మనడానికి నాకు నోరు రావట్లేదు," అన్నాడు మేనేజరు. "ఇంకోసారి ఇది చెడితే నా ఉద్యోగానికే ఎసరు. రేపటినుంచి చిన్నక్క చూసుకుంటుందిలే."

చిన్నక్క చేతులు ఆగాయి. "నాకొద్దని చెప్పెయ్యనా అక్కా?" అని గుసగుసగా అడిగింది.

చెప్పెయ్యవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పెయ్. ఈ మాట పెద్దక్క నాలుక చివరిదాకా వచ్చింది. ఆ క్షణంలో చిన్నక్క మీద పుట్టినంత కసి ఆమెకి జన్మలో ఎవరిమీదా పుట్టలేదు. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇద్దరం ఇంట్లో కూర్చుని ఏం తింటాం? చెయ్యి," అంది.

వెనక గుమ్మం మెట్ల మీద కూలబడింది. ఇంటికెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఇంత తొందరగా వెళితే ఏమైందని మంచంలోంచి ఆయన అడుగుతాడు. ఏం చెబుతుంది? శుభ్రం ఎక్కువై పని పోయిందంటే ఆయన నమ్ముతాడా?

చాలాసేపటికి చిన్నక్క వచ్చింది. ఒక చేతిలో మూతపెట్టిన గిన్నె, ఇంకో చేతిలో ఖాళీ కంచం. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. కాస్త తిను అక్కా," అని కంచం చేతిలో పెట్టింది.

కంచం ఇంకా వేడిగానే ఉంది, మిషన్లోంచి అప్పుడే తీసినట్టుంది. పెద్దక్క దాన్ని ఎండకి పెట్టి చూసింది. వెనక్కి తిప్పి చూసింది. అంచు చుట్టూ బొటనవేలితో రుద్దింది, వాసన చూసింది. ఎక్కడైనా ఒక్క జిడ్డు మరక కనిపిస్తే చాలు, మేనేజరు దగ్గరికి పరిగెత్తుకెళ్ళి చూపించేది.

"వడ్డించనా?" అంది చిన్నక్క.

"ఉండు," అని పెద్దక్క మళ్ళీ మొదటినుంచీ వెతికింది. కంచం శుభ్రంగా ఉంది.