పిండి పడ్డ ఈగలు

మా తోటికోడలి తేనెపెట్టె చిక్కిపోతుంటే నాకు లోలోపల చల్లగా ఉండేది. ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు?

డాబా మీద ఈ చివర నా పెట్టె, ఆ చివర తనది. తేనెటీగల పని తనకు నేర్పింది నేనే. ముసుగు వేసుకోవడం, పొగ పెట్టడం, ఈగలు మీద పడకుండా తేనెపట్టు చట్రం పైకి తీయడం, అన్నీ. రెండేళ్లు తిరిగేసరికి అత్తయ్య నోట చిన్నకోడలి తేనె తప్ప మరో మాట లేదు. చుట్టాలొస్తే చిన్నదాని సీసాయే బయటికి తీసేది. నాది అల్మారాలో వెనక వరుసలో ఉండేది. నేర్పిందెవరో ఆ పిల్ల ఒక్కరితోనూ అన్నట్టు లేదు. నా కడుపు మండిపోయేది.

ఈ నెలలో కందిరీగలు దాని పెట్టె మీద పడ్డాయి. గుమ్మంలో కాపలా కాసే ఈగలను ఒక్కొక్కటిగా ఎత్తుకుపోయాయి. కాపలా పలచబడగానే వేరే గూటి ఈగలు వాసన పట్టి లోపలి తేనె దోచుకోవడం మొదలుపెట్టాయి. అదే వారంలో నా పెట్టె బరువెక్కింది.

"ఈసారి పెద్దదే గెలిచేట్టుంది," అంది అత్తయ్య. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఇవాళ పొద్దున చిన్నది గోధుమపిండి డబ్బాతో పైకి వచ్చింది.

"అక్కా, దొంగ ఈగలు బయటికొచ్చేటప్పుడు వాటి మీద పిండి చల్లుతా. తెల్లగా కనిపిస్తాయి. ఎటు పోతాయో కాస్త చూసిపెట్టు. ఆ గూడు ఎవరిదో తెలిస్తే రెండ్రోజులు మూసి ఉంచమని కాళ్లావేళ్లా పడతా. లేకపోతే సాయంత్రానికి నా పెట్టె ఖాళీ."

నేను నా పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. దారితప్పి వచ్చిన ఒక పరాయి ఈగను నా కాపలా ఈగలు కాళ్లు పట్టి ఈడ్చి అవతల పడేశాయి. అంతలో ఒక తెల్ల ఈగ వచ్చి అదే గుమ్మం మీద వాలింది. కాపలావి దాన్ని వాసన చూసి లోపలికి వదిలాయి. సొంత ఇంటిదే మరి. దాని వెనక మూడు, వాటి వెనక పది.

"కనిపించాయా అక్కా?"

"ఇటేం రాలేదే," అన్నాను. గుమ్మం మీద రాలిన పిండిని అరచేత్తో తుడిచేశాను. ఇన్నేళ్లకు నోటిదాకా వచ్చిన గెలుపు, వారం తిరక్కుండా తిరిగిచ్చేయాలంటే నా వల్ల కాలేదు.

ఎండ ముదిరాక చిన్నది డబ్బా కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఇక లాభం లేదక్కా. మిగిలిన ఈగల్ని నీ పెట్టెలో కలిపేసుకో. నీ చేతిలోనైతే బతుకుతాయి. నాకొచ్చిందంతా నువ్వు నేర్పిందే కదా. అత్తయ్యతో ఎన్నిసార్లు అన్నానో, ఆవిడ వింటేగా."

నాకు కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాలేదు. లేచి పీట పక్కకు జరిపాను.

"ఇలా వచ్చి చూడు," అన్నాను.

వంగి చూసింది. తెల్ల ఈగ ఒకటి లోపలికి పోతోంది. దాని వెనక ఇంకొకటి.

"ఇప్పుడే మొదలయ్యాయా అక్కా?" అని అడిగింది. అడుగుతూనే పిండి అంటిన నా అరచెయ్యి చూసింది.

చెయ్యి దాచుకోలేదు. "మొదట్నుంచీ ఇక్కడికే," అన్నాను.