ఆఖరి జామాయిల్ కర్ర

సుత్తి దెబ్బకు కర్ర పక్కకు జరగ్గానే, వాలిపోకముందే వెంకటమ్మ పట్టుకుంది. భుజాన వేసుకెళ్లి బయట గోడకు ఆనించి వచ్చేసరికి, ఆమె పెనిమిటి గోపయ్య మరో కర్ర మీద అరచెయ్యి పెట్టి పైకి చూస్తున్నాడు. అతను మోకాళ్లకు రాసుకున్న నీలగిరి తైలం సిమెంటు దుమ్ములోనూ ఘాటుగా తగులుతోంది.

కోదాడలో కడుతున్న హాస్టల్ అది. స్లాబు గట్టిపడింది, కింద ఆసరాగా పెట్టిన జామాయిల్ కర్రలు తీసెయ్యాలి. పెళ్లయిన నాటి నుంచీ ఇద్దరిదీ ఇదే పని. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా ఎవరిల్లు లేస్తున్నా కర్రలు నిలబెట్టడం, కప్పు నిలిచాక విప్పుకుపోవడం. మునగాలలో వాళ్లది రేకుల ఇల్లు. ఆ రేకులను మోసేదీ జామాయిలే. సొరపాదు పాకేది దాని మీదే, విరిగిన ముక్కలతోనే వంట. మోకాళ్లకు రాసుకునే నీలగిరి తైలమూ ఆ చెట్టుదే. బిడ్డ అరుంధతికి చిన్నప్పుడు ఊపిరాడకపోతే, వెంకటమ్మ కాలువగట్టు మీది జామాయిల్ ఆకు దూసుకొచ్చి మరగబెట్టి, దుప్పటి కప్పి ఆవిరి పట్టింది. తెల్లారేసరికి పిల్ల నవ్వింది. ఆమె గట్టుకు వెళ్లి ఆ చెట్టుకు మొక్కి వచ్చింది.

"ఇంత సన్నగున్నయి అంత బరువు మోసినయే," అన్నాడు గోపయ్య. ఏ స్లాబు విప్పినా ఆ మాట అనకుండా ఉండడు.

"మోసినయి గని, నువ్వు జర కూసో. చెమటలు సూడు ఎట్ల కారుతున్నయో."

"ఇగ ఒక్కటే గద. తీసి కూసుంట."

అతను అప్పుడే విప్పిన కర్రను ఆమె బయటపెట్టి వచ్చింది. కర్రల అడవి పోయి హాలు ఒక్కసారిగా పెద్దదైంది. తలెత్తింది. ఆ ఒక్క కర్ర తప్ప ఏ ఆసరా లేకుండా అంత బరువూ గాలిలో నిలిచి ఉంది. ఎప్పటిలాగే ఒళ్లు జలదరించింది.

"నిలబడ్డది సూడయ్యా!"

గోపయ్య ఆఖరి కర్రకు వీపు ఆనించి కూర్చున్నాడు. కళ్లు కప్పు మీదే ఉన్నాయి. భుజం పట్టుకుంటే ఆమె మీదికి ఒరిగిపోయాడు.

మేస్త్రీ ఉపేందర్ ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాడు. గుండె అప్పటికే ఆగిపోయిందన్నారు.

నెల దాటాక తమ కర్రలు, సామాను కోసం వెంకటమ్మ మళ్లీ కోదాడ వచ్చింది. ఉపేందర్ ఎదురొచ్చాడు.

"అన్నీ సదిరిన వదినా. గా కర్ర ఒక్కటి తియ్యబుద్ధి కాలే."

ఆమె లోపలికి చూసింది.

"ఇయ్యాల్టికి ఉండనియ్యి," అని మెట్లు దిగింది.

హాలంతా తెల్లటి బండలు పరిచారు. ఒక్కచోట మాత్రం చుట్టూ జానెడు నేల వదిలేశారు. అక్కడ, బెరడైనా ఊడని జామాయిల్ కర్ర నిటారుగా నిలబడి ఉంది.