పాచి పట్టని పొర

కల్పలతకు భయం వేస్తే నవ్వొస్తుంది. చిన్నప్పుడు పళ్ళ డాక్టరు కుర్చీలో నవ్వింది, మొన్న ఇంటర్వ్యూలో నవ్వింది. ఆ ఉదయం యాప్రాల్‌లో ఒక అపార్ట్‌మెంటు నీళ్ళ ప్లాంటులో ప్రెషర్ మీటర్ల ముందు నిలబడి మరీ నవ్వింది.

నీళ్ళను వడగట్టే పొరలకు పాచి పట్టకుండా పూత తయారు చేయడం ఆమె పీహెచ్‌డీ. బ్యాక్టీరియా ఆ పొర మీద చేరి, జిగురుగా పేరుకుని, దారి మూసేస్తుంది. మోటారు ఎంత తోసినా నీళ్ళు దిగవు. తూనీగ రెక్క మీద కంటికి కనబడని ముళ్ళుంటాయనీ, వాటి మీద వాలిన సూక్ష్మజీవి చిట్లిపోతుందనీ చదివిన రోజున ఆమెకు అన్నం సయించలేదు. జింక్ ఆక్సైడుతో అలాంటి ముళ్ళనే పొర మీద మొలిపించింది. ఒక్కోటీ వెంట్రుకలో వెయ్యో వంతు లావు. వేసవి మొదట్లో ఆ పొరను చుట్టగా చుట్టించి ఒక గొట్టంలో పెట్టింది. పక్క గొట్టంలో మామూలు పొర పెట్టింది. రెండింటికీ ఒకే బోరు నీళ్ళు వదిలింది.

ఇప్పుడు వానలు పడుతున్నాయి. కుడి గొట్టం మూసుకుపోయి, దాని మీటరు సూది ఎర్ర గీత దాటింది. ఎడమ సూది ఉన్నచోటి నుంచి కదల్లేదు. పూత వేసింది ఎడమ దానికే.

“గెలిచేశాం కల్పా,” అన్నాడు తోటి స్కాలరు ఉదయ్‌కిరణ్. అతనిది కాకినాడ. సంతోషం వస్తే గొంతు లోపలికి పోతుంది.

ప్లాంటు చూసుకునే కిషన్ తల గోక్కున్నాడు. “మేడం, జెర ఒక మాట. నడుమల పైపు లీకైతే ప్లంబరు వచ్చిండు. రెండు చుట్టలు బయటికి తీసినం. మళ్ల ఏది ఏ గొట్టంల పెట్టినమో నాకు యాది లేదు.”

“మీద కాగితాలు అంటించినం గద అన్నా?”

“తడికి అవి ఎప్పుడో ఊడిపోయినయ్.”

కల్పలత నవ్వు ఎక్కిళ్ళలోకి దిగింది. ఉదయ్ రెండు చుట్టలనూ గొట్టాల్లోంచి బయటికి లాగి, మార్కరుతో ఒక దాని మీద ‘ఎడమ’ అనీ, ఇంకో దాని మీద ‘కుడి’ అనీ రాశాడు. కిషన్ మంచినీళ్ళ క్యాన్లు మోసే తన ట్రాలీ ఆటోలో వాళ్ళను ఎక్కించుకున్నాడు. వెనక ఖాళీ క్యాన్ల మధ్య, చెరో చుట్టనూ పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, జల్లులో తడుస్తూ ల్యాబుకు బయల్దేరారు. గుంత వచ్చిన ప్రతిసారీ క్యాన్లు డబడబమని మోగాయి. ఎక్కిళ్ళ మధ్య కల్పలత నవ్వింది. ఆమెను చూసి ఉదయ్ కూడా నవ్వాడు. సిగ్నల్ దగ్గర బస్సులోని జనం తొంగి చూశారు.

“నా వల్ల మీరు పరేషాన్ అయితున్నరు,” అన్నాడు కిషన్, అద్దంలో చూస్తూ.

“నేను పరేషాన్ల గిట్లనే ఉంటనే,” అంది కల్పలత.

ల్యాబులో గైడు ఝాన్సీలక్ష్మి మేడం ఎదురుచూస్తోంది. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు డిపార్ట్‌మెంటులో లేరు. సంగతి విని చేతికి గ్లవ్స్ తొడుక్కుంది. ముందు కుడి చుట్టను కోశారు. పొర నిండా గోధుమరంగు జిగురు, మురుగు కాలువ కంపు. ఉదయ్ రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత ఎడమది విప్పారు. తోమి బోర్లించిన స్టీలు పళ్ళెంలా తళతళలాడింది.

“ఈ శుభ్రంగా ఉన్నది మామూలు పొరే అయితే, మన పూత పాచికి ఎరువు వేసినట్టన్నమాట,” అంది మేడం.

రెండు పొరల నుంచీ చిన్న ముక్కలు కోసి, ఆరబెట్టి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టారు. మేడం స్వయంగా కూర్చుంది. తెర మీద బూడిదరంగు మసక. కల్పలత రెండు చేతులతో నోరు మూసుకుంది. మేడం నాబ్ తిప్పింది. మసక విడిపోయింది.

కోసిన వరిచేలో కొయ్యకాళ్ళలా, తెర నిండా ముళ్ళు. వాటి మీద అక్కడొకటి, ఇక్కడొకటి, గాలి తీసిన బుడగల్లా చచ్చిన బ్యాక్టీరియా.

“ఇది ఎడమ దాని ముక్కేనాండీ?” అన్నాడు ఉదయ్. అతని గొంతు దాదాపు వినబడలేదు.

“ఎడమదే.” మేడం రెండో ముక్క కూడా చూసింది. జిగురు, జిగురు కింద నున్నటి పొర. ఒక్క ముల్లు లేదు.

ఆవిడ లేచింది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, వరండా చివరిదాకా పరుగెత్తి, గోడను తాకి, పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చింది. ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు. కల్పలతకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో నవ్వు మాత్రం రాలేదు.

“పదండర్రా, ఏమైనా తిందాం,” అంది మేడం ఆయాసపడుతూ. “ఆ కిషన్ని కూడా రమ్మనండి.”

స్టేషను దగ్గరి ఇరానీ హోటల్లో నలుగురూ టేబుల్ మీద దరువు వేస్తూ, ఒకరి ప్లేటులోది ఒకరు లాక్కుంటూ సమోసాలు తిన్నారు. చాయ్ తెచ్చిన పెద్దాయన కాసేపు చూసి, “ఏం ఫంక్షన్ బిడ్డా? పెండ్లి కుదిరిందా?” అని కల్పలతను అడిగాడు.

“కాదే తాతా. నీళ్ళు వడగట్టే పొరకు పాచి పట్టకుండ పూత పూసినం. పట్టలే.”

ఆయన కప్పులు దించుతూ ఆలోచించాడు. “మా ఇంటి మీద ట్యాంకుకు ఊకె పాచి పడ్తది. దానికి సుత జెర పూస్తరా?”

మేడం సమోసా పక్కన పెట్టి, వేళ్ళు తుడుచుకుని, “మీ ఇల్లెక్కడండీ?” అని అడిగింది.