ముక్కు మామ కడిగిన సీసాలు

మూత తీయకుండానే సీసాలో ఏముందో చెప్పేయగల ముక్కు ఈ భూమ్మీద ఒక్కటే ఉండేది. అది కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు స్టోర్‌కీపరు ముఖాన ఉండేది. అందుకే ఆయన్ని అందరూ ముక్కు మామ అనేవారు. అక్కడే కొత్తగా లెక్చరరుగా చేరిన సొంత మేనకోడలు కూడా ఆ ముక్కు గొప్పలు వింటూ పెరిగిందే.

ఆమె పెట్టబోయే మొదటి పరీక్ష ఆరోజు పదింటికి. కోడలి పరువు తన పరువే కదా అని ముక్కు మామ ఏడింటికే వచ్చి, ఏముందో కనిపెట్టమని పిల్లలకు కొద్దికొద్దిగా పోసి ఇవ్వాల్సిన నాలుగు సీసాలనూ మూతలతో సహా సబ్బునీళ్ల తొట్టిలో నానబెట్టి పైన తోమేశాడు. సీసాలు తళతళలాడాయి. చీటీలు మాత్రం ఊడి పడవల్లా తేలాయి. సిరా అంతా నీళ్లపాలు.

ఎనిమిదింటికి వచ్చిన కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. నాలుగింట్లోనూ నీళ్లలాంటి ద్రవాలే. "నాలుగు పేర్లూ నాకు తెలుసు. ఏది ఎందులో ఉందో తెలీకుండా నలభైమంది జవాబులు ఎలా దిద్దను మామయ్యా? పోనీలే, నీ ముక్కుందిగా. చెప్పు."

ఇక్కడ నిజం ఒప్పుకోక తప్పదు. మొదట చెప్పిందంతా కోతలే. ముప్పైయేళ్లుగా ముక్కు మామ ముందు చీటీ చదివి, ఆ తరవాతే వాసన చూసేవాడు. ఇప్పుడు నాలుగు మూతలూ ఒక్కసారే తీశాడు. వాసనలన్నీ కలిసి సంతలో జనంలా తోసుకున్నాయి.

"పడిశం పట్టిందే అమ్మాయ్."

"ఎప్పుడు?"

"మూత తీయగానే."

కోడలు నవ్వాపుకుంది. "నీ ముక్కుకు సెలవిచ్చేద్దాం. టెస్ట్ ట్యూబుల్నే అడుగుదాం."

చిటికెడు వంటసోడా వేస్తే ఒకటి బుసబుసా పొంగింది. అది యాసిడ్. ఇంకోదాంట్లో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క పడగానే వంకాయ రంగు తిరిగింది. అది ఫినాల్. మిగిలినవి ఆల్డిహైడ్, కీటోన్. ఒక తల్లి బిడ్డలు. వాటి గుట్టు విప్పాలంటే వెండి మందే వేయాలి. ఆల్డిహైడ్ అయితే గాజుకు అద్దంలా వెండిపూత పూస్తుంది, కీటోన్ ఉలకదు పలకదు.

మందు పోసి వేడినీళ్లలో పెడితే రెండు ట్యూబులూ మసిబారాయి. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ట్యూబులో మురికుంటే ఏది పోసినా నల్లబడుతుంది, అద్దం రాదు మామయ్యా. హడావుడిలో నేనే సరిగ్గా కడగలేదు."

ఆ మాటకు ముక్కు మామకు ప్రాణం లేచొచ్చింది. "కడగడమా? అది నాకొదిలెయ్."

చొక్కా చేతులు మడిచి, లోపల ఒక్క నీటిబొట్టు కూడా అంటుకుని నిలవనంతగా రెండు ట్యూబులు తోమాడు. కోడలు మందు తాజాగా కలిపి పోసి మళ్లీ వేడినీళ్లలో పెట్టింది. ఒకటి తేటగానే ఉండిపోయింది. రెండోది మెల్లగా రంగు మారి, మారి, తళుక్కున అద్దమైంది. ముక్కు మామ వంగి చూస్తే అందులో తన ముక్కు మొదలునుంచి కొసదాకా కనబడింది.

"ముంచిందీ నీ కడుగుడే, తేల్చిందీ నీ కడుగుడే," అంటూ కోడలు కొత్త చీటీలు అంటించింది. "ఈసారి పైన మైనం పూస్తున్నా. నువ్వు తోమినా ఊడవు. ఇంతకీ నీ పడిశం?"

"తగ్గిందే."

పరీక్ష గంట మోగింది.

ఆ మొదటి కోతలు పోగా, ఇందులో ఒక్కటే నా కల్పన. ముక్కంతా కనబడిందన్నానే, అది. వేలెడు గాజుగొట్టంలో అంత ముక్కు ఎలా పడుతుంది? సగమే కనబడింది.