గజ్జె కట్టని జమీందారు

మా కాలనీ వార్షికోత్సవానికి ఈసారి నృత్యరూపకం వేశారు. కథ పాతకాలపు జమీందార్ల సరసాలు. తోటలో ముసుగు వేసుకున్న స్త్రీ వెంటపడి, చెయ్యి పట్టుకుని, ఎవరో రాణిగారనుకుని జమీందారు ఆమె కాలికి గజ్జె కడతాడు. ముసుగు తీస్తే సొంత ఇంటి దాసి. నవ్వంతా అక్కడే ఉంది.

జమీందారు భీమశంకరరావు గారు. గాజువాక దగ్గర ఓ ప్రైవేటు రోలింగ్ మిల్లుకు జనరల్ మేనేజరు, కాలనీ సంఘానికి అధ్యక్షుడు. కాబట్టి ఆయనకు నాట్యం రావలసిన అవసరం లేకపోయింది. దాసి హిమబిందు. అందరికీ అడుగులు నేర్పిందీ ఆమే. ఆమె భర్త ఉమాశంకర్ అదే మిల్లులో ఆయన కింద పనిచేస్తాడు. నేను వింజామర పట్టుకునే చెలికత్తెను. చూస్తూ నిలబడటమే నా పాత్ర.

చెయ్యి పట్టుకునే ఘట్టం కుదరలేదంటూ ఆయన ప్రతి రిహార్సల్లోనూ మళ్ళీ మళ్ళీ చేయించేవారు. గజ్జె దగ్గరికొచ్చేసరికి నడుం పట్టేసేది.

"ఆవిడే కట్టుకుంటుంది లెండి. నేను పక్కన నిలబడి చూస్తానండీ" అన్నారు చివరికి.

హిమబిందుకు ఒళ్ళు మండింది. "అదేటండి సార్! మీరు వంగకపోతే నవ్వు మీ మీద కాదు, నా మీద పడతాది. మా ఆయన ఎదురుగా మీరు నా సెయ్యట్టుకున్నదే మిగుల్తాది."

"స్టేజీ మీద చూద్దాంలేమ్మా."

స్టేజీ మీదా నడుం పట్టేసింది. పాట ముందే రికార్డు చేసి పెట్టినది, ఎవరి కోసమూ ఆగదు. "వంగినాడే దొర, వంగినాడే" అని అది పాడుతూంటే దొర గుంజలా నిలబడ్డాడు. హిమబిందు గజ్జెలు ఆయన చేతిలో పెట్టి, కాలు ముందుకు చాపి కదలకుండా నిలుచుంది. ముందు వరుసలో ఉమాశంకర్ తల దించుకున్నాడు.

జమీందారు రాణి వేషంలో అట్ట పొద వెనక దాక్కున్నది తాయారు గారు, బయట కూడా ఆయన భార్యే. కాలర్ మైకు ఉన్న సంగతి ఆవిడ మరిచారో లేదో నాకు తెలియదు.

"ఏవండీ, చెయ్యి పట్టుకునేటప్పుడు లేని నడుంనొప్పి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందండీ?"

హాలంతా గొల్లుమంది. ఆయన వంగారు. తలపాగా జారి ముక్కు మీద పడింది. పాట అయిపోయినా ముడి పడలేదు. పడ్డాక హిమబిందు తన ముసుగు తానే తీసింది. ఈలలు చాలాసేపు ఆగలేదు.

తర్వాత గ్రీన్‌రూములో ఆ ముడి ఊడిరాలేదు. ఉమాశంకర్ నేల మీద మోకరించి, భార్య కాలు తన తొడ మీద పెట్టుకుని గోళ్ళతో పీకసాగాడు.

"ఏటే ఇది? మా సారుకి ముడెయ్యడం కూడా రాదేటి?"

భీమశంకరరావు గారు పక్క కుర్చీలోనే కూర్చుని మీసం ఊడదీసుకుంటున్నారు. ఉమాశంకర్ గొంతు తగ్గించలేదు.