పేరు రాయని టీకా

మా ఆయన వామన్‌రావు నాంపల్లి గల్లీల్లో మశూచి టీకాలు వేసేవారు. పిల్లల చెయ్యి స్పిరిట్‌తో తుడిచి, రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు రాసుకుని, అప్పుడు మందు చుక్క పెట్టి సూదితో గీకేవారు. శుభ్రం విషయంలో ఆయనతో వేగడం నా వల్ల అయ్యేది కాదు.

జర్మనీ యుద్ధం మొదలైన ఏడు మా అహల్యకు ఇంట్లోనే వేశారు. కన్నబిడ్డ కదా, స్పిరిట్ రెండుసార్లు పట్టించి, అది ఏడుపు అందుకునేలోపే గీకేశారు.

ఎనిమిదో రోజుకైనా పొక్కు లేవలేదు.

"మళ్ల వెయ్యుండ్రి" అన్నాను.

"కొందరికి గట్లనే రాదు. నా చేత్తోని ఏసిన, ఫికర్ చెయ్యకు."

ఊరుకున్నాను. నా నోరు పడిపోను, గట్టిగా పోట్లాడాల్సింది.

మరుసటేడు నాంపల్లిలో మశూచి పాకింది. ఆయన టీకా వేసిన పిల్లలంతా వీధిలో ఆడుకుంటూనే ఉన్నారు. నా అహల్య పదకొండు రోజులు జ్వరంతో కాలిపోయి, పోయింది.

"అందరికేసిన చెయ్యే గద విద్యా, మనకే ఎందుకు గిట్లయింది?" అని ఆయన గోడకు తల బాదుకున్నారు.

మళ్లీ నెల తప్పినప్పుడు ఆబిడ్స్‌లో డాక్టరమ్మ జయమణి గారికి ఇదంతా చెప్పాను.

"స్పిరిట్ ఆరేదాకా ఆగారా?" అని అడిగారామె. "టీకా మందులో ఉండేది బతికున్న క్రిమి అమ్మా. అది బతికి పొక్కు లేపితేనే మశూచి రాదు. ఎండకు చస్తుంది, తడి స్పిరిట్ తగిలినా చస్తుంది."

మెట్లు దిగుతుంటే అర్థమైంది. ఊరి పిల్లలకు పేరు రాసేలోపు చెయ్యి ఆరిపోయేది. మా పిల్ల పేరు ఎవరిని అడిగి రాయాలి? రాయకుండా తడి మీదే గీకేశారు. ఆయనకు చెబితే మనిషి దక్కడని భయపడి, "ఆ మందు ఎండకు చెడిపోయుంటది" అని అబద్ధమాడాను.

కొడుకు పుట్టాడు. ఆరో నెలలో టీకాకు కూర్చోబెట్టుకుని స్పిరిట్ తుడవగానే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ముందు పేరు రాయుండ్రి."

"మన పోరడే గద, రాసుడెందుకే?"

"రాయుండ్రి. అందరికి రాసినట్లే."

విసుక్కుంటూ శ్యామ్‌సుందర్ అని రాశారు. తండ్రి పేరు దగ్గర కలం ఆగింది. బాబు చేతి మీద తడి ఆరిపోతోంది. ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయారు.

"నీకు ఎప్పటిసంది ఎరుక?" అన్నారు చివరికి.

"ఇంటి నంబరు గూడ రాయుండ్రి" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.