రెండోసారి కొట్టని సర్దార్

మా బాపు పేరు రాయమల్లు. బెల్లంపల్లిలో ఈ పేరెత్తితే ఇప్పటికీ పాత బాయి కార్మికులు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. ఆయన బొగ్గుబాయిలో సర్దార్. షిఫ్టు మొదలుకాగానే అందరికంటే ముందు లోపలికి పోయి, కర్రతో పైకప్పును కొట్టి, ఆ చప్పుడును బట్టి దాని కింద మనుషులు నిలబడవచ్చో లేదో చెప్పాలి. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పగులుంటే బోలు చప్పుడు వస్తుంది. మా బాపు చెవి చెప్పిందే ఆ బాయిలో వేదం. ఒకసారి కొట్టి ‘బాగుంది’ అన్నాడంటే, మళ్ళీ కొట్టమని అడిగే దమ్ము ఎవరికీ లేదు. అడిగితే ఆయన చెవిని అనుమానించినట్టే.

ఒక్కడు అడిగాడు. కప్పు కింద గుంజలు నిలబెట్టే బాలమల్లు కాక. ‘‘అన్నా, జర ఇంకోసారి కొట్టి చూడరాదు?’’ అన్నాడు. మా బాపు నవ్వి, ‘‘నీ చెవులు ఇంట్ల పెట్టి వచ్చినవా?’’ అని ముందుకు పోయాడు. కొట్టలేదు. కాసేపటికి కప్పు చిటపటలాడింది. అప్పుడు తెలిసింది ఆయనకు, తన చెవి మోసపోయిందని. అరిచి అందరినీ బయటికి తరిమాడు. గుంజల మధ్య ఇరుక్కుపోయిన కాక కోసం తిరిగి లోపలికి పోయాడు. కాకను బయటికి తోశాడు, తాను రాలేదు. నాకప్పుడు పలక పట్టుకునే వయసు.

రిటైరైన తర్వాత కాక ఈ కథను నాటకం చేశాడు. రాసే ముందు మా ఇంటికొచ్చి, ‘‘అనసూర్యా, మీ బాపు తప్పు రాయాల్నా, ఇడిసిపెట్టాల్నా?’’ అని అడిగాడు. రాయమన్నాను. అప్పటినుంచి ఏటా కార్మికుల నాటకాల్లో అది ఆడుతూనే ఉంది. నేను ఏటా ముందు వరసలో కూర్చుని ఏడుస్తాను. నన్ను కన్న మా అవ్వ పోశవ్వ మాత్రం ఒక్కసారీ రాలేదు. చూస్తే తట్టుకోలేదని నేనూ బలవంతం చేయలేదు.

ఈ ఏడు కాలనీలో బాపు విగ్రహం పెట్టారు. ఆవిష్కరణ రోజే నాటకం అన్నారు. వారం ముందు విగ్రహ కమిటీ సెక్రటరీ రాకేశ్ నా కుట్టుమిషన్ షాపుకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

‘‘అనసూర్యక్కా, చిన్న ముచ్చట. నాటకంల సర్దార్ రెండోసారి సుత కొట్టాలె. ఖంగుమంటది. అయినా కప్పు కూలుతది. గంతే.’’

‘‘అప్పుడు తప్పెవరిదైతది?’’

‘‘ఎవరిది కాదు. బండది. పెద్ద పెద్దోళ్ళు వస్తుండ్రు. విగ్రహం పెట్టి, ఆయన తప్పు జేసిండని మనమే సూపిస్తే ఏం బాగుంటదక్కా?’’

‘‘తప్పు జేసింది మా బాపు. సిగ్గుపడితే మేం పడాలె. కందకు లేని దురద కత్తిపీటకెందుకు తమ్మీ?’’

వాడి మొహం మాడింది. అయినా లేవలేదు. ‘‘ఈసారి పోశవ్వమ్మను ముంగట కూసోబెడుతున్నం. ముసలి పానం. ఆమె కోసమన్నా మార్చుండ్రి. మార్చకపోతే నాటకమే వద్దంటున్నది కమిటీ’’ అన్నాడు.

వాడి మీద కాదు, నా మీద మండింది నాకు. అవ్వ ముందు బాపు తప్పు చేస్తుంటే ఆమె ఏమైపోతుందో నాకు మాత్రం తెలుసా? ఆమెను అడిగే ధైర్యమూ లేదు.

సాయంత్రం కాక దగ్గరికి పోయి చెప్పాను. డెబ్బై దాటిన మనిషి, మంచంలోంచి ఎగిరి లేచాడు.

‘‘తప్పు లేనోడు సస్తే అయ్యో అంటరు, ఇంటికి పోయి బువ్వ తింటరు. గంత పెద్ద మనిషి ఒక్కకాడ తప్పిండు, అది తెలుసుకున్నడు, తెలిసి సావుకు ఎదురుపోయిండు. గందుకే చూసేటోని కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టయితది. తప్పు తీసేస్తే ఇంకేముంటది బిడ్డా? బండ పడ్డది, మనిషి సచ్చిండు. దానికి నాటకమెందుకు, పేపర్ల వస్తది!’’

‘‘మరి అవ్వ?’’

కాక మంచం మీద కూలబడ్డాడు. ‘‘వదినెకు నేనే బాకీ’’ అన్నాడు మెల్లగా. ‘‘గని అబద్ధంతోని తీరదది.’’

మేము ఒప్పుకోలేదు. రాకేశ్ మాతో మాట్లాడటం మానేసి, సర్దార్ వేషం వేసే అరుణ్‌కుమార్‌ను పట్టుకున్నాడు. ఆ పిల్లాడిది కాంట్రాక్టు పని. పని ఇప్పించింది రాకేశే. ‘రెండోసారి కొట్టు, మిగతాది నేను చూసుకుంటా’ అన్నాడట. ఈ సంగతి కాకకు తెలిసింది. తెర వెనక ఇనుప రేకు మీద కొట్టి కప్పు చప్పుడు చేసేది కాకే. ‘‘కొట్టనీ. నేను రేకు ముట్ట’’ అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. విగ్రహం మీద గుడ్డ తీశారు. చేతులు జోడించి నిలబడి ఉన్నాడు మా బాపు. ఆయన ఎవరికీ చేతులు జోడించగా నేను చూడలేదు. అవ్వ దానివైపు కళ్ళు చిట్లించి చూసింది. ముఖ్య అతిథి పక్క కుర్చీలో కొంగు కప్పుకుని కూర్చుంది. నేను ఆమె వెనకే కూర్చున్నాను.

నాటకం మొదలైంది. అరుణ్‌కుమార్ కర్ర ఎత్తి కొట్టాడు. తెర వెనక రేకు ఖంగుమంది. ‘‘బాగున్నది, రాండ్రి!’’ అన్నాడు. కాక వేషం వేసిన రంజిత్ ముందుకొచ్చి, ‘‘అన్నా, జర ఇంకోసారి కొట్టి చూడరాదు?’’ అన్నాడు.

అరుణ్‌కుమార్ పక్కకు చూశాడు. అక్కడ రాకేశ్ తలూపాడు. పిల్లాడు కర్ర ఎత్తి రెండోసారి కొట్టాడు.

చప్పుడు రాలేదు. మళ్ళీ కొట్టాడు. లేదు. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. నా ఒళ్ళు భగ్గుమంది. అరుద్దామని లేచాను. నాకంటే ముందే అవ్వ లేచింది.

‘‘ఆగు బిడ్డా’’ అంటూ స్టేజీ దగ్గరికి నడిచింది. స్టేజీ అంచున ఉన్న మైకు ఆమె మాటను మైదానమంతా వినిపించింది. ‘‘నా పెనిమిటి రెండోసారి కొట్టలే.’’

రాకేశ్ ఉరికొచ్చాడు. ‘‘అమ్మమ్మా, నువ్వు కూసో.’’

‘‘నువ్వు కూసో!’’ అంది అవ్వ. ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. ‘‘ఆనాడు పొద్దుగాల ఒళ్ళు కాలుతున్నది, డ్యూటీకి పోకుమన్న. పోతనన్నంక పోతనే అన్నడు. గసొంటోడు. ఒకసారి అన్న మాట ఎనుకకు తీసుకోడు. మాట ఎనుకకు తీసుకోనోడు, మనిషి కోసం తానే ఎనుకకు పోయిండు. గాయనే నా మొగడు. నువ్వు రెండోసారి కొడితె గా సచ్చినోడెవడో నాకు తెల్వదు. మరి ఇన్నేండ్లు నేనెవని కోసం ఏడ్సిన?’’

అరుణ్‌కుమార్ రాకేశ్‌వైపు చూడలేదు. కర్ర దించి భుజం మీద పెట్టుకున్నాడు. రంజిత్ మళ్ళీ మొదటినుంచి అడిగాడు: ‘‘అన్నా, జర ఇంకోసారి కొట్టి చూడరాదు?’’

‘‘నీ చెవులు ఇంట్ల పెట్టి వచ్చినవా?’’ అన్నాడు అరుణ్‌కుమార్, నవ్వి.

అచ్చం మా బాపు నవ్వే. నాకు దుఃఖం ఆగలేదు.

అవ్వ కుర్చీలోకి పోలేదు. స్టేజీ అంచు పట్టుకుని చివరిదాకా నిలబడే చూసింది. సర్దార్ తిరిగి లోపలికి పోతుంటే పాత కార్మికులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ముఖ్య అతిథి కూడా లేచాడు, ఏం చేయాలో తెలియక. తెర వెనక డబ్బాలు దొర్లాయి, కప్పు కూలింది. వాటితోపాటు కాక ఏడుపు బయటికే వినబడింది.

ఆటో కోసం నడుస్తుంటే అడిగాను. ‘‘తట్టుకోలేవనే గదా అవ్వా, ఇన్నేండ్లు రాకపోతివి?’’

‘‘సావు తట్టుకున్నదాన్ని, నాటకం తట్టుకోనా?’’ అంది. ‘‘మీరంత కలిసి ఆయనను మంచోన్ని జేసి పెడతరని భయమైంది. మంచోళ్ళు మస్తుమంది ఉంటరు బిడ్డా. నాకు ఆయన గావాలె.’’

విగ్రహం దగ్గర ఆగింది. జోడించిన ఆ చేతులను పైనుంచి కిందికి చూసింది.

‘‘రేపు గా రాకేశ్‌ను పిలువు’’ అంది. ‘‘గీ చేతులు ఇడిపించి కప్పు కొట్టే కట్టె పెట్టుమను.’’